పర్లాకిమిడిలో ఒక పెంకుటిల్లు: మా మరమ్మతు అనుభవం

మా ఊరు పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లాకు కేంద్రం. ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు వెళితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వచ్చేస్తుంది. బడిలో ఒడియా చదువుకున్నాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, సంతలో కొండ దిగి వచ్చిన సవరల మాటలు వింటూ పసుపూ చింతపండూ కొనుక్కుంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన కాలంనాటి పెంకుటిళ్లు కోట చుట్టుపక్కల వీధుల్లో ఇంకా ఉన్నాయి. కానీ ఏటా తగ్గిపోతున్నాయి. నిరుడు దసరాకు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్న ఇంటి స్థలంలో ఈ దసరాకు ఇనుప చువ్వలు పైకి లేచి ఉంటాయి.

నేను సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా తరగతిలో కొందరం కలిసి అలాంటి ఒక ఇంటిని కూల్చనివ్వకుండా బాగుచేశాం. వేసవిలో చల్లగా ఉండేలా, వాననీరు వృథా పోకుండా, కరెంటు ఖర్చు తగ్గేలా తీర్చిదిద్దాం. ఇప్పుడు ఆదివారాలు ఊరివాళ్లు వచ్చి చూసి వెళుతున్నారు. ‘మా ఇంటికి కూడా ఇలా చేయవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని చాలామంది అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆలోచన తరగతి గదిలోనే పుట్టింది. అమెరికా ఇంధన శాఖ 2002లో మొదలుపెట్టిన సోలార్ డెకాథ్లాన్ అనే పోటీ గురించి మా మాస్టారు ఒకరోజు చెప్పారు. విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఎండతో నడిచే ఇళ్లను తామే రూపొందించి, తామే కట్టి, అందరూ చూసేలా నిలబెట్టేవారు. వినడానికి ఎంతో బాగుంది. కానీ కొత్త ఇల్లు కట్టేంత డబ్బు మాకెక్కడిది? అదీగాక, మా వీధుల్లో గట్టి గోడలున్న ఇళ్లను పడగొట్టి మట్టిని లారీలకెత్తి చెరువుగట్ల మీద పోస్తుంటే, పర్యావరణం పేరు చెప్పి ఇంకో కొత్త ఇల్లు కట్టడం నాకు సబబుగా తోచలేదు. ఆ మాటే తరగతిలో అన్నాను. మాస్టారు కాసేపు ఆలోచించి, ‘అయితే ఉన్న ఇల్లు ఒకటి వెతకండి’ అన్నారు.

దీని వెనక లెక్క ఉంది. సిమెంటు తయారుచేయాలంటే కొలిమిలో దాదాపు 1,450 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి కాల్చే బొగ్గు నుంచి కొంత, సున్నపురాయి విడిపోయేటప్పుడు దాని నుంచే మరికొంత బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే ఆ వాయువులో 7 నుంచి 8 శాతం దాకా సిమెంటు వల్లే వస్తోంది. ఇటుకల బట్టీ, ఇనుము, లారీల డీజిలు కూడా కలిపితే కొత్త ఇంట్లో దీపం వెలిగించక ముందే బోలెడంత ఇంధనం ఖర్చయిపోయి ఉంటుంది. నూరేళ్ల కిందట ఊరి మట్టితో, ఊరి తాటిచెట్లతో కట్టిన గోడకూ కప్పుకూ ఆ ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని నిలుపుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొదుపు. కేరళలో స్థిరపడి జీవితమంతా చవకైన ఇళ్లు కట్టిన లారీ బేకర్ (1917–2007) ఈ దారిలో మాకు గురువు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ తనతో అన్నట్టు ఆయన చెప్పుకునేవారు. మా పని మొత్తానికి ఆ అయిదు మైళ్లే కొలబద్ద అయింది. అన్నిచోట్లా కుదరలేదు గానీ, ప్రతి వస్తువుకూ ముందు ఆ ప్రశ్న వేసుకున్నాం.

ఇల్లు దొరకడం అనుకున్నంత కష్టం కాలేదు. మా స్నేహితురాలి ఇంటి వెనక వీధిలో ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటున్నారు. రెండు గదులు, వంటిల్లు, ముందు వీధి అరుగు, వెనక పెరట్లో నుయ్యి. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు. ఇల్లు పడగొట్టి స్లాబు వేయించాలని ఆయన ఉద్దేశం. గోడలకు చెమ్మ, కప్పుకు చెదలు, వానొస్తే మంచం జరుపుకోవడం. తల్లి పడుతున్న బాధ చూసే ఆయన ఆ నిర్ణయానికి వచ్చారు, ఆయనను తప్పుపట్టలేం. మామ్మగారు మాత్రం మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘చదువుకునే పిల్లలు మట్టి తొక్కుతారా?’ అని అడిగారు. తొక్కుతామన్నాం. ‘అయితే రండి. నేను పక్కింట్లో పడుకుంటాను. నా తులసికోట మాత్రం కదపకండి’ అన్నారు. కొడుకుగారు ఫోనులో ఒక షరతు పెట్టారు. వచ్చే వానాకాలంలో ఒక్క గదిలో కారినా ఇల్లు కూల్చేస్తామన్నారు. ఒప్పుకున్నాం. కళాశాల కొంత డబ్బిచ్చింది, పాత విద్యార్థులు కొంత పంపారు. స్లాబు కోసం దాచుకున్న దానిలో నుంచి కొంత మామ్మగారే తీసి ఇచ్చారు.

పని మొదలుపెట్టే ముందు ఇంటిని బాగా చూడాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా రంగుల దగ్గరికి వెళ్లే వాళ్లే ఎక్కువ. మేము గోడలు కొలిచాం, తట్టి చూశాం, అటక ఎక్కి టార్చిలైటుతో ప్రతి వాసాన్నీ పరికించాం, వాన పడుతున్న రోజున వెళ్లి నీళ్లు ఎక్కడ పడి ఎటు పోతున్నాయో గీసుకున్నాం. అప్పుడొక సంగతి అర్థమైంది. ఇంటికి పట్టిన జబ్బుల్లో సగానికి పైగా పాత ఇంటివి కావు, మధ్యలో చేసిన మరమ్మతులవి.

అందులో పెద్దది గోడ జబ్బు. మట్టిగోడలు అడుగున్నర మందం. ఎప్పుడో ఎవరో గట్టిదనం కోసం వాటికి లోపలా బయటా సిమెంటు పూత వేయించారు. పునాదిలో నుంచి చెమ్మ గోడలోకి పైకి పాకుతుంది. అది ఏ మట్టిగోడకైనా సహజమే. పైన మట్టిపూతో సున్నపు పూతో ఉంటే ఆ తడి గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ తడిని బయటికి పోనివ్వదు. తడి లోపలే నిలిచి, ఇంకా పైకి ఎక్కి, గోడలోని ఉప్పును వెంట తెచ్చి, ఎక్కడ సందు దొరికితే అక్కడ తెల్లగా పొంగుతుంది. మనం దాన్ని చూసి గోడ పాడైందనుకుని మరింత సిమెంటు పూస్తాం. మామ్మగారి పడకగదిలో కిటికీ కింద మా మేస్త్రి తాత ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టేసరికి పలక పలకగా పూత ఊడి వచ్చింది. లోపలి మట్టి చేత్తో ముద్ద చేయగలిగేంత మెత్తగా ఉంది. అది ఎండాకాలం. వాన పడి నెలలు దాటింది. అయినా గోడ తడిగానే ఉంది. తాత ఆ ముద్దను నా అరచేతిలో పెట్టి, ‘చూశావా తల్లీ, గోడకు ఊపిరాడలేదు’ అన్నారు. పుస్తకంలో రెండు పేజీలు చదివినా అందని విషయం ఆ ముద్దతో అందింది.

ఆ తాత గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉండగా గానుగ సున్నంతో పనిచేసినవారు. స్లాబు ఇళ్లు వచ్చాక ఆ పని అడిగేవాళ్లు లేక, ఈమధ్య ఏళ్లలో కాపలా పనికి కుదురుకున్నారు. మేము వెళ్లి అడిగినప్పుడు మొదట నమ్మలేదు. ‘సున్నం పని ఇప్పుడెవరికి కావాలి బాబూ?’ అని మా మిత్రుణ్ణి అడిగారు. పని మొదలైన తరువాత ఆయన మాట మా మాస్టారి మాటకన్నా పైచేయి అయింది. మాస్టారికీ అది సంతోషమే. ఇలాంటి చేతిపని తెలిసినవాళ్లు మా సరిహద్దు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్లు ఉండగానే నేర్చుకోకపోతే ఆ విద్య మళ్లీ దొరకదు. ఇది నేను ఎంత గట్టిగా నమ్ముతున్నానో మాటల్లో చెప్పలేను.

సిమెంటు పూతను మొత్తం ఒలిచేశాం. పైనుంచి కిందికి, చిన్న ఉలితో, గోడ అదరకుండా. ఒలిచాక గోడలను అలాగే వదిలేశాం. తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి ఆరనిచ్చాం. ఈ ఆరనివ్వడం చూసేవాళ్లకు పని ఆగిపోయినట్టు కనిపిస్తుంది. వీధిలో వాళ్లు ‘ఏమయింది, వదిలేశారా?’ అని అడిగేవారు. తడి గోడ మీద ఏ పూతా నిలవదు కాబట్టి ఓపిక పట్టాల్సిందే. ఈలోగా బయటివైపు పనులు చూసుకున్నాం. వీధి మట్టం ఏళ్ల తరబడి పెరిగి ఇంటి పునాది కన్నా ఎత్తయింది. వాననీరు గోడ కాళ్ల దగ్గర నిలిచేది. గోడ వెంబడి మట్టి తవ్వి, కంకర నింపి, నీళ్లు పెరటి వైపు జారేలా వాలు పెట్టాం. చెమ్మను గోడలో ఆపడం కన్నా గోడ దాకా రానివ్వకపోవడం మేలు.

తరువాత సున్నం. తీరం వైపు ఊరి నుంచి గుల్లసున్నం తెప్పించాం. అయిదు మైళ్ల గీత అక్కడ దాటక తప్పలేదు. సున్నం కాల్చడానికి సిమెంటంత వేడి అక్కర్లేదు, 900 డిగ్రీలు సరిపోతాయి. పైగా గోడకు పూసిన సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. కాల్చేటప్పుడు రాయి వదిలిన వాయువులో చాలా భాగం అలా గోడలోకే తిరిగి వస్తుంది. కట్టెలూ బొగ్గూ కాల్చినందుకు వచ్చిన వాయువు మాత్రం గాలిలోనే మిగులుతుంది.

కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసిన రోజు మా అందరికీ పండుగలా గడిచింది. పెరట్లో గొయ్యి తవ్వి, అడుగున పలకలు పరిచి, సగానికి నీళ్లు నింపాం. తాత మొదట చెప్పిన జాగ్రత్త: సున్నాన్ని నీళ్లలో వేయాలి గానీ, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కుమ్మరిస్తే ఎగజిమ్మి కళ్లలో పడుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకున్నాకే గొయ్యి దగ్గరికి రానిచ్చారు. మొదటి తట్ట పడిన కొద్ది క్షణాల తరువాత నీళ్లు కుతకుతలాడడం మొదలైంది. ఆవిరి లేచింది. నిప్పు లేకుండా నీళ్లు ఉడకడం చూసి, చూడవచ్చిన చిన్నపిల్లలు కేకలు వేశారు. కర్రతో కలుపుతూ పోతే క్రమంగా వెన్నలాంటి ముద్ద అయింది. పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలబెట్టి, గోనెలు కప్పి, వారాల తరబడి నాననిచ్చాం. నానినకొద్దీ సున్నం బాగుపడుతుంది.

మట్టిగోడకు నేరుగా సున్నం పట్టదు. ముందు మట్టిపూత. ఎర్రమట్టి, ఇసుక, చిన్నగా నరికిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి, రోజూ తొక్కుతూ పులియబెట్టాలి. ఇక్కడ మాకు నేర్పింది మా జిల్లాలోనే గుమ్మ అనే ఊరి వైపు కొండ పల్లె నుంచి వచ్చిన ఒక సవర అమ్మ. సవర ఇళ్ల గోడలు మట్టివే. వానలు వెళ్లగానే ఇంటివాళ్లే పగుళ్లు పూడ్చి, ఎర్రమట్టితో అలుకుతారు. మట్టి సరిపాళ్లలో ఉందో లేదో ఆవిడ చూసే పద్ధతి ఇది: గుప్పెడు మట్టిని వేలి మందం పాముగా నలిచి గాలిలో వేలాడదీస్తారు. వెంటనే తెగిపోతే ఇసుక ఎక్కువ. చాలాసేపు తెగకుండా సాగితే బంక ఎక్కువ, ఆరాక పగులుతుంది. మా ప్రయోగశాలలో జల్లెడలతో తేల్చిన పాళ్లను ఆవిడ పాముతో సరిచూసుకున్నాం, రెండూ దగ్గరగానే వచ్చాయి. ఎవరి దారిలో వాళ్లు ఒకే చోటికి చేరడం చూసి మా మాస్టారు ఆ రెండు పద్ధతులనూ నివేదికలో పక్కపక్కనే రాయించారు.

మట్టిపూత తడి పూర్తిగా ఆరకముందే మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, దాని మీద ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో పలచగా పూత వేశాం. పాతరోజుల్లో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపేవారని తాత చెప్పి, వీధి గోడకు అలాగే చేయించారు. సున్నపు పూతకు ఎండ పగ, తడి చుట్టం. తడిగోనెలు వేలాడదీసి, రోజూ నీళ్లు చిలకరించి, నెమ్మదిగా గట్టిపడనివ్వాలి. తొందరపడితే నెర్రెలిస్తుంది. మా పరీక్షల సమయంలో కూడా వంతులు వేసుకుని పొద్దున్నే వెళ్లి తడిపి వచ్చేవాళ్లం.

కప్పు సంగతి వేరే కథ. మా జిల్లాలో కప్పు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, నేరుగా మా మీదికి వచ్చింది. కొండచరియలు విరిగిపడ్డాయి, మహేంద్రతనయ నది పొంగింది, కప్పులు ఎగిరిపోయాయి. అందుకే మా ఊళ్లో ‘పెంకుటిల్లు తుపానుకు ఆగదు’ అనే మాట స్థిరపడింది. మామ్మగారి కొడుకుకూ ప్రధానమైన భయం అదే. ఆ భయాన్ని ఎగతాళి చేయడానికి లేదు, సమాధానం చెప్పి తీరాలి.

గాలి కప్పును నొక్కి పడేయదు, పైకి పీలుస్తుంది. చూరు ఎంత బయటికి ఉంటే అంత పట్టు దొరుకుతుంది గాలికి. కాబట్టి చూరు పొడవు తగ్గించాం. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు రెండు వాలుల కప్పుకన్నా గాలిని బాగా తట్టుకుంటుంది. అదృష్టవశాత్తూ ఈ ఇంటిది నాలుగు వాలుల కప్పే. ప్రతి వాసాన్నీ గోడ మీది దూలానికి ఇనుప పట్టీతో బిగించాం. దూలాన్ని గోడలోకి బాగా లోతుగా దింపిన కడ్డీలతో కట్టాం. గోడ బరువే కప్పును పట్టి ఉంచుతుంది. వీధి అరుగు మీది కప్పును ఇంటి కప్పు నుంచి విడదీసి, విడిగా నిలబెట్టాం. గాలికి అది పోయినా ఇంటి కప్పును వెంట లాక్కుపోకూడదు. కొప్పు మీదా అంచుల్లోనూ ఉన్న పెంకులను సున్నంతో అతికించి తీగతో కట్టాం, ముందు లేచేవి అవే కాబట్టి. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనవి ఆ ఇనుప పట్టీలే. ఖర్చు చాలా తక్కువ. మీ ఇంటికి ఇంకేమీ చేయలేకపోయినా ఇది చేయండి.

పెంకులు దించేటప్పుడు ప్రతిదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూశాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. చాలావరకు ఖంగుమన్నాయి. పాచి గీకి కడిగి మళ్లీ వాడుకున్నాం. తక్కువపడిన వాటిని పక్కవీధిలో కూలుస్తున్న ఇంటి నుంచి కొన్నాం. గదికొకటి చొప్పున అద్దం పెంకులు పెట్టాం, పగలు దీపం అక్కర్లేకుండా. చెదలు తిన్న వాసాలను మార్చాం. చివర మాత్రమే పుచ్చిన వాటికి పుచ్చు కోసేసి కొత్త చెక్క అతికించాం. చెదలకు మందుగా పలాస నుంచి జీడిపిక్కల తొక్క నూనె తెచ్చి పూశాం. పడవలకు పూసే నూనె అది. పలాసలో జీడి బట్టీలున్నంత కాలం దానికి కొరత లేదు. చర్మానికి తగిలితే పొక్కుతుంది, కాబట్టి చేతులకు తొడుగులు తప్పనిసరి, పూసిన తరువాత గాలి బాగా ఆడాలి.

నీళ్ల లెక్క చాలా తేలిక, అయినా చూడవచ్చినవాళ్లు ఎక్కువ ఆశ్చర్యపోయేది దీనికే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇంటి కప్పు 60 చదరపు మీటర్లు. మా వైపు ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. ఆవిరికీ చిందడానికీ అయిదో వంతు తీసేసినా 48,000 లీటర్లు. చూరు కింద గొట్టం కట్టి, మొదటి వాన నీళ్లను బయటికి వదిలేసి, తరువాతి వాటిని గులకరాళ్లు, బొగ్గు, ఇసుక పొరల గుండా నూతిలోకి పంపాం. వంటింటి నీళ్లు పెరట్లోని అరటి పాదుల్లోకి వెళుతున్నాయి.

కరెంటు పని త్వరగా అయిపోయింది. పాత తీగలు మొత్తం మార్చాం, ఎల్‌ఈడీ దీపాలు పెట్టాం. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే, బ్రష్‌లు లేని మోటారు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. సౌరఫలకాల మీద మాత్రం మాలో మాకు గట్టి వాదన జరిగింది. కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయల రాయితీ ఉంది. ఫలకాలు లేకపోతే చూడవచ్చినవాళ్లకు ఏమి చూపిస్తామని కొందరన్నారు. ఒంటరిగా ఉండే పెద్దావిడకు రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఒక చిన్న ఫ్రిజ్. ముందు వాడకం తగ్గించాలి, తరువాతే ఉత్పత్తి అని నేను పట్టుబట్టాను. పెంకుల మీద బరువు మోపి గాలికి కొత్త పట్టు ఇవ్వడం కూడా నాకు ఇష్టం లేదు. చివరికి పెరట్లో స్నానాలగది మీద చిన్న స్లాబు ఉంటే, దాని మీద ఒక కిలోవాటుకు సరిపడా చోటు చూసి, అక్కడ పెట్టాం. రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి.

అవును, స్నానాలగదికి స్లాబు ఉంచాం. గోడలకు లోపల సిమెంటే పూశాం. రోజూ నీళ్లు తగిలేచోట మట్టిగోడ పెట్టి ఆదర్శం నిలబెట్టుకోవడం ఆ ఇంట్లో ఉండే మనిషికి అన్యాయం. సిమెంటు మీద మాకు కోపం లేదు. అవసరం లేనిచోట వాడటం మీదే మా అభ్యంతరం.

వాన పరీక్ష కూడా అయింది. అల్పపీడనం పట్టి రాత్రంతా కురిసిన తరువాత పొద్దున్నే మేమందరం వెళ్లేసరికి మామ్మగారు వంటింట్లో పొడి నేల మీద పీట వేసుకుని కూర్చున్నారు. ‘మంచం జరపలేదర్రా’ అన్నారు. ఆమె కొడుకు ఆ వారమే వచ్చి అటక ఎక్కి చూశారు. ఇనుప పట్టీలను ఒక్కొక్కటిగా లాగి చూశారు. ఏమీ అనలేదు గానీ, విశాఖపట్నం వెళ్లాక స్లాబు కోసం మిగిలిన డబ్బులో కొంత రెండో గది నేల బాగుచేయించమని పంపారు. ‘బాబాయి గారూ, నేలకు గచ్చు చేయిస్తాం’ అంటే ‘మీ ఇష్టం అమ్మా’ అన్నారు.

వేసవిలో మధ్యాహ్నం ఈ ఇంట్లోనూ, పక్కనే ఉన్న స్లాబు ఇంట్లోనూ ఉష్ణమాపకాలు వేలాడదీసి చూశాం. మూడు నాలుగు డిగ్రీల తేడా కనిపించింది. రాత్రిపూట అది ఇంకా బాగా తెలుస్తుంది. స్లాబు పగటి వేడిని దాచుకుని రాత్రి మనుషుల మీదికి వదులుతుంది. పెంకుల సందుల్లో నుంచి వేడిగాలి పైకి పోతుంది.

ఆదివారం వచ్చేవాళ్లలో మగవాళ్లు ఖర్చు అడుగుతారు. ఆడవాళ్లు అడిగేది వేరు: ‘ఏటా వెల్ల వేయాలి కదా, పెంకులు సర్దించాలి కదా, ఎవరు చేస్తారు?’ సరైన ప్రశ్న అదే. ఈ ఇంటికి ఏటా పని ఉంటుంది. వానలకు ముందు పెంకులు సర్దాలి, దీపావళి లోపల వెల్ల వేయాలి. దాచడానికేమీ లేదు. కానీ ఆ పని పెద్ద ఖర్చుతో అయ్యేది కాదు, ఊళ్లో మనిషితో అయ్యేది. మా లెక్కల పుస్తకం చూస్తే సగానికి పైగా డబ్బు కూలీగా ఊళ్లోనే ఉండిపోయింది. సిమెంటు ఇంటి ఖర్చులో ఎక్కువ భాగం సామగ్రి రూపంలో ఊరు దాటిపోతుంది. వయసైన వాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు ఈ ఏటేటి పని చేసిపెట్టే బాధ్యత మా కళాశాల విద్యార్థుల బృందమే తీసుకోవాలని మాస్టారిని ఒప్పించాం. మా తరువాతి తరగతి పిల్లలు ఇప్పటికే తాత దగ్గర తాపీ పట్టడం నేర్చుకుంటున్నారు. ఆయన కాపలా పని మానేశారు.

అదే వీధిలో ఇంకో పెంకుటింటివాళ్లు పిలిచారు. ఈసారి గోడలు బాగానే ఉన్నాయి, కప్పు మాత్రం సగం కూలింది. వానలు రాకముందే పెంకులు దించాలి. ఇనుప పట్టీలు కొన్నాం, సున్నం గోతిలో వేశాం, వాసాలకు తాటి దూలాలు ఎక్కడ దొరుకుతాయో తాత పాతపట్నం వెళ్లి విచారిస్తున్నారు.